నత్త ఎవరిది?

పాత బొమ్మల కథల్ని మళ్లీ అచ్చేస్తున్న లండన్ కంపెనీలో, హక్కుల వ్యవహారాలు చూసే పెద్దాయన ఎదురుగా, ఒకప్పుడు ఆ బొమ్మలు గీసిన, ఈమధ్యే పోయిన ఒక చిత్రకారుడి కూతురు కూర్చుని ఉంది. ఆమె టీ ముట్టుకోలేదు.

“నాన్న సమాధిరాయి మీద చిన్న నత్తబొమ్మ చెక్కించుకుంటామండీ. అంతే.”

“ఆ నత్త మాదమ్మా. కొత్త పుస్తకాల అట్టల మీద, టీ కప్పుల మీద అదేగా అమ్ముడుపోతోంది.”

“అది నాన్న సంతకం! పేరు రాస్తే మీవాళ్లు తెల్లరంగు పూసేస్తున్నారని, ప్రతి పేజీలోనూ ఓ మూల నత్తని గీసేవాడు.”

“పూసింది నేనే. అప్పట్లో నా ఉద్యోగం అదే. మీ నాన్న పేరు ఎన్నిసార్లు చెరిపానంటే, ఇప్పటికీ కళ్లు మూసుకుని ఆయన చేతిరాతలోనే రాయగలను.”

“మరి నత్తనెందుకు వదిలేశారు?”

“బొమ్మలో భాగమనుకున్నాను. సంతకమని తెలిస్తే దాన్నీ చెరిపేసేవాణ్ణి. బొమ్మలో ఉన్నదంతా కంపెనీదే కదమ్మా.”

“పోయిన మనిషి మీద కూడానా మీ పెత్తనం?”

“ఇవాళ మీకు ఊఁ అంటే, రేపు ఇంకొకడు బిస్కెట్ డబ్బా మీద వేసుకుంటాడు.”

“పోనీ, కొత్త పుస్తకంలో ఆయన పేరైనా వేస్తారా?”

“పేరు వేస్తే వారసులు వచ్చి కూర్చుంటారు. మీలాగే.”

“అయితే రాయి మీద ఏం చెక్కించమంటారు?”

“పేరే చెక్కించుకోండి. విల్ఫ్ గార్‌స్టాంగ్. దానికి మా అనుమతి అక్కర్లేదు. ఆయనెవరో ఎవరికీ తెలీదు.”