కిటికీ పక్క ఉయ్యాల

కుట్టు ఫ్యాక్టరీలో పాత దారాల గదిని పసిపిల్లల కోసం ఖాళీ చేయించారు. మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరు కుట్టుపనివాళ్లు అక్కడ ఉయ్యాలలు కడుతున్నారు. పెద్దామె స్టూలెక్కి ఉంది.

"నిజంగా ఇచ్చేశారక్కా! ఇక మధ్యమధ్యలో వచ్చి పాలిచ్చుకోవచ్చు!"

"ఊరికే ఇచ్చారా? మిషన్లాపి కూర్చుంటే దిగొచ్చారు. ఆ ముడి గట్టిగా లాగవే, నీ కొడుకు అసలే బండోడు."

"వాణ్ణి కిటికీ పక్కదాంట్లో పడుకోబెడతా. గాలి బాగా వస్తుంది."

"అదొక్కటి వదిలెయ్."

"ఎవరికోసం అట్టిపెట్టావు? మేనేజరు మరదలికా?"

"కాదులే."

"మరి నీకేమో పిల్లలు... అయ్యో, నా నోరు పడ!"

"పర్లేదే. అప్పుడీ గది ఉంటే నా బంగారానికి డబ్బాపాలు పట్టే గతే ఉండేది కాదు. ఇంటి దగ్గర మురికి నీళ్లు కలిపి పట్టారు. విరేచనాలు పట్టుకుని చేజారిపోయింది. ఇక్కడేమో పాలతో నా జాకెట్టు తడిసిపోతుండేది."

"ఏడవకక్కా."

"ఏడుస్తున్నానా? సరిగ్గా చూడు నా మొహం! పొద్దున డాక్టరమ్మ చెప్పింది, మూడో నెలట!"

"అక్కా! మరి ఆ స్టూలెక్కి ఊగుతున్నావేంటి? ముందు దిగు కిందకి! ఆ తాడిలా ఇవ్వు, కిటికీ పక్కది నేనే కడతా!"