పాట ఆపినా ఆగని మోత

కార్లలో పాటల పెట్టెలు బిగించే షెడ్డు. ఆదివారం పొద్దున. తెరిచిన డిక్కీ దగ్గర ముసలి మేస్త్రి, కారు యజమాని, ఆయన భార్య.

"పాట ఆపేశావా బాబూ?"

"ఎప్పుడో ఆపేశాను మేస్త్రీ. అయినా మూలుగుతూనే ఉంది, విను."

"మూడు రోజుల్నించీ ఇదే వరస మేస్త్రిగారూ. నిన్న సిగ్నల్ దగ్గర బండి ఆగితే పక్క స్కూటరువాళ్ళు తొంగి చూశారు, లోపల ఏ జంతువుని పెట్టుకున్నామో అని. ఈయన రానంటే నేనే లాక్కొచ్చాను."

"అంత లేదులే. కాస్త చూసి పంపించెయ్ మేస్త్రీ. నాకు పనుంది."

"ఆదివారం కూడా పనేనండీ?"

"ఆఫీసన్నాక ఉంటుంది."

"ఇంజను ఆన్‌లోనే ఉందిగా, యాక్సిలరేటర్ తొక్కు బాబూ. తొక్కు. ఇంకా తొక్కు. ఊఁ, చాలు."

"ఏమిటి?"

"తొక్కినకొద్దీ కూత పెరుగుతోంది."

"అంటే ఈ దబదబ మోగే ఊఫర్ పోయినట్టేనా?"

"ఉండమ్మా. ఇదిగో, పాట వచ్చే వైరు పీకేశాను. ఇంకా కూస్తోందా?"

"కూస్తోంది."

"అయితే పాట తప్పు కాదు. కరెంటు వచ్చే దారిలో ఉంది. ఆఁ, ఇదీ సంగతి. ఎర్త్ వైరు బోల్టు. వేలితో తిప్పితే తిరిగిపోతోంది."

"బిగించెయ్. అయిపోయింది. పద, కారెక్కు."

"అయిపోలేదు బాబూ."

"మోత ఆగిందిగా?"

"మోత ఆగింది. కానీ ఇంకో గరగర ఉంది. అరచెయ్యి ఇలా పెట్టి ఊఫర్ అట్టని మెల్లగా నొక్కు. తెలుస్తోందా? లోపల తీగచుట్ట, అదే కాయిల్, రాసుకుంటోంది. వాసన కూడా చూడు."

"నాకు జలుబు."

"బయల్దేరేప్పుడు లేదే. జరగండి, నేను చూస్తాను. అమ్మో, మాడు వాసన."

"కాయిల్ మాడిందమ్మా. బ్యాటరీ నీరసించాక గట్టిగా పెడితే ఇలాగే మాడుతుంది. రోజుకి ఎంతసేపు వింటారు?"

"ఈయన పాటలు వినే మనిషే కాదు. ఈ పెట్టె మా తమ్ముడి ముచ్చట."

"వాడికి ముచ్చట, నాకు తలనొప్పి."

"ఆఫీసుకి అరగంట, ఇంటికి అరగంట. ఆ కాసేపే మోగేది."

"అరగంటకి మాడదమ్మా. బాబూ, పెట్టె మూత మీద పెన్సిల్ రాత ఉంది, చదువు. బిగించిన రోజు మీటరు ఎంతుందో రాసిపెట్టడం నాకు అలవాటు."

"కళ్ళజోడు తేలేదు."

"చొక్కా జేబులో ఉంది కదండీ."

"నువ్వెళ్ళి ఓ నీళ్ళ సీసా పట్రా."

"కార్లో ఉన్నాయిగా నీళ్ళు."

"చల్లవి కావాలి. ఆ మలుపులో కొట్టుంది. వెళ్ళు."

"వెళ్తున్నా, వెళ్తున్నా. కసురుకోకండి."

"ఆవిడ మలుపు తిరిగింది. ఇప్పుడు చదువుతావా, నన్ను చదవమంటావా?"

"వద్దు మేస్త్రీ."

"పెట్టె బిగించి ఏడు నెలలు. రోజూ ఆఫీసుకి తిరిగే బండి మూడు వేల కిలోమీటర్లు దాటాలి. మీటరు ఇందాకే చూశాను. పన్నెండొందలే తిరిగింది."

"ఊఫర్ చూడమంటే మీటరు చూస్తావేం?"

"ఆఫీసుకి కాకపోతే రోజంతా బండి ఎక్కడ ఆపుతావు?"

"ఎక్కడా ఆపను."

"ఎక్కడ ఆపుతావు బాబూ?"

"పాత గోదాముల వెనక. చెట్టు కింద."

"ఎన్నాళ్ళుగా?"

"అయిదు నెలలు. ఉద్యోగం పోయింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే... పొద్దున్నే క్యారేజీ కట్టి చేతికిస్తుంది మేస్త్రీ. అది చేత్తో పట్టుకుని ఎలా చెప్పను? ఎలా చెప్పను, నువ్వు చెప్పు?"

"సాయంత్రం దాకా కారులోనే."

"కారులోనే. పాటలు గట్టిగా పెడితే బుర్రలో రొద వినపడదు. ఏ పాటో కూడా తెలీదు నాకు."

"ఇంజను ఆపి పెడతావు. బ్యాటరీ చావక ఏం చేస్తుంది."

"మా ఆవిడకి చెప్పకు. నీకు దణ్ణం పెడతాను."

"అడక్కపోతే చెప్పను. అడిగితే అబద్ధం ఆడను."

"అదిగో, వచ్చేస్తోంది. మూత పెట్టెయ్. మూత పెట్టెయ్ మేస్త్రీ."

"ఇవిగో నీళ్ళు. తేలిందా మేస్త్రిగారూ?"

"తేలింది. బోల్టు. పద, టైమైపోతోంది."

"మిమ్మల్ని కాదు, ఆయన్ని అడిగాను. బోల్టేనా? ఇంకేం తేలలేదా?"

"ఒకటి మాత్రం నాకు తేలట్లేదమ్మా. నేను బిగించిన బోల్టు దానంతటది వదలదు. దీని తల మీద కొత్త గీతలున్నాయి. ఎవరో పానా పెట్టి తిప్పారు."

"కారు కడిగేవాళ్ళు కెలికుంటారు. వదిలెయ్."

"కడిగేవాళ్ళు కాదండీ. నేనే."

"నువ్వా? పానా ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు నీకు."

"తెలీదు. అందుకే అన్ని గీతలు పడ్డాయి."

"ఏం మాట్లాడుతున్నావు? నువ్వెందుకు తిప్పుతావు?"

"పోయిన నెల మీరు కళ్ళజోడు మర్చిపోతే మీ ఆఫీసుకి పట్టుకెళ్ళాను. మీరక్కడ పనిచెయ్యట్లేదని గేటు దగ్గరే చెప్పారు. తెచ్చి మళ్ళీ మీ బల్ల మీదే పెట్టేశాను."

"మరి... మరి నన్ను అడగలేదేం?"

"రోజూ క్యారేజీ ఇచ్చేటప్పుడు అడుగుదామనే అనుకున్నాను. నోరు రాలేదు. అందుకే డిక్కీలో చేతికందిన బోల్టు తిప్పాను, మోత వస్తే మేస్త్రి దగ్గరికి తేవచ్చు, ఎవరో ఒకరు మిమ్మల్ని అడుగుతారు కదా అని."