ఒక్క గల్లీకి మూడు పడవలు

హలో… ఆ, నేనే మళ్ల. వరద కంట్రోల్ రూం వీణను. ప్రేమ్‌సాగరేనా, అశోక్‌నగర్ హాస్టల్?

పడవ వచ్చిందా… గేటు కాడనే ఉన్నదా. సరే. కరెంటు షాక్ కొట్టినాయనకు ఫోనియ్యి జర.

ఇయ్యి తమ్మి. ఊపిరి ఎట్లున్నదో వినాలె.

…సురేశ్ నువ్వేనా? షాక్ ఎక్కడ కొట్టింది?… కొట్టలేదా.

ఫోన్ వాపస్ ప్రేమ్‌సాగర్‌కియ్యి.

ఏంది తమ్మి ఇది?… పరీక్షా? రేపు పొద్దుగాల, నిజామాబాద్‌ల… ఇప్పుడు కాచిగూడల రైలుందని, పడవొస్తే ఆ దిక్కు దింపుతరని… షాక్ కొట్టిందని చెప్పిన్రు.

ఎంతమంది ఫోన్ చేసిన్రు?… హాస్టలంతనా. అవును మరి. ఒకడు టిఫిన్ సెంటర్ పక్కన అన్నడు, ఒకడు బజ్జీల బండి ఎదురుంగ, ఇంకొకడు వాటర్ ట్యాంక్ వెనుక. నేను మూడు జాగలనుకున్న. ఉన్న మూడు పడవలు మీ ఒక్క గల్లీకే పంపిన.

సారీ తర్వాత చెప్పు. ముందు ఇను.

నా ఇంకో ఫోన్ లైన్ల బీరమ్మ అని ఒకామె ఉన్నది. వాచ్‌మన్ భార్య. సెల్లార్ రూముల బిడ్డతోని, చిన్న కొడుకుతోని చిక్కింది. మురికి నాలా పొంగి నీళ్లు ఛాతీ దాక వచ్చినయి, తలుపు తెరుసుకుంటలేదు. అడ్రస్ చెప్పనీకి రాలే. ఆకుపచ్చ పరదాలేసి కడుతున్న బిల్డింగ్ అంటున్నది…

మీ వెనుక గల్లీలనా? ఖాయమేనా?

మీ గేటు కాడి పడవోళ్ల వైర్‌లెస్ పలుకుతలేదు. మిగిలిన రెండు ఇంక నారాయణగూడ కాడనే ఉన్నయి. నువ్వే కిందికి పోయి చెప్పాలె. ఉరుకు.

…మీ హాస్టలోళ్లు పడవల ఎక్కి కూసున్నరా? దిగుమను—

దిగం అంటున్నరా. స్పీకర్ పెట్టు.

తమ్ముళ్లు… నేను గూడ ఆ హాస్టళ్లల్లనే ఉండి చదివిన. పరీక్ష తప్పిపోతె ఎట్లుంటదో నాకెరుక. కోపమొస్తె నన్ను తిట్టుకోండ్రి. కని దిగుండ్రి.

…

దిగిన్రా. ప్రేమ్‌సాగర్, నువ్వెక్కు. తొవ్వ చూపియ్యి. ఫోన్ మాత్రం పెట్టకు.

ఆగు… బీరమ్మ లైన్ కట్టయింది.

తెల్వదు. చార్జింగ్ అయిపోయిందో, ఫోన్ నీళ్లల పడ్డదో… జల్ది పోనియ్యిమను.

పరదాలు కనిపించినయా? పేరు పెట్టి పిలువు. గట్టిగ.

…ఇంకోసారి పిలువు.

…పలుకుతలేదా. తలుపు పగలగొట్టుమను. ఆలోచన చెయ్యకున్రి—

ఏం సప్పుడది?

చెప్పు తమ్మి. నాకు భయమైతున్నది, ఏదో ఒకటి చెప్పు.

…పిల్ల ఉన్నదా. చిన్నోడు?… ఆమె?

నిలబడే ఉన్నదా… వాణ్ని నెత్తి మీద పెట్టుకొని.

…

ఏం లేదు. బాగనే ఉన్న. ముందు వాళ్లను పడవల కూసోవెట్టున్రి.

టైమా? మీ రైలు పోయింటది. నీకు అబద్ధమెందుకు చెప్త… ఏడాదంత చదివిన చదువు. నాకు గూడ బాధయితున్నది—

ఏంది?… పిల్ల నీ చెయ్యి పట్టుకొని గుంజుతున్నదా. ఫోనున్న చెయ్యేనా?

అయితె మాట్లాడకు. ఫోన్ జేబుల పెట్టు. రెండు చేతులతోని పట్టుకో ఆ పిల్లను.

పెట్టెయ్ తమ్మి.