సున్నా మిల్లీమీటర్ల వాన

లక్ష్మీరాజం కథ మొదలుపెట్టే ముందు సంచిలోంచి కొలగ్లాసు తీసి బల్ల మీద పెడతాడు. ఒంటి నిండా గీతలున్న పొడుగాటి గాజుగ్లాసు అది. మండల ఆఫీసు వెనక వాన కొలిచే డబ్బా ఒకటుంది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు అందులోని నీళ్లు ఈ గ్లాసులో పోసి, ఏ గీత దాకా వచ్చాయో చూసి, ఆ లెక్క పైకి పంపడం ఆయన పని. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే చేస్తున్నాడు. చదివింది పదో తరగతి. ఫోన్‌లో రైతుల గ్రూపు పెట్టుకున్నాక మాత్రం ప్రతి పొద్దునా ఒకే మాటతో గొంతు సవరించుకుంటాడు: "నేను మీ వాతావరణ శాస్త్రవేత్త లక్ష్మీరాజంను మాట్లాడుతున్న." ఇప్పుడు గ్రూపులు పదకొండు. మంథని నుంచి సుల్తానాబాద్ దాకా వింటారు.

సోమవారం పొద్దున కూడా విన్నారు. "చుక్క వాన పడది, నాది గ్యారంటీ" అన్నాడు. అదే పొద్దున వ్యవసాయ విస్తరణ అధికారి వందన, ఈ వానల చదువు కాలేజీలో చదువుకున్న పిల్ల, "వాన పడే అవకాశం అరవై శాతం, వడ్ల మీద కప్పిన పరదాలు తీయొద్దు" అని గ్రూపుల్లో పెట్టింది. శాతమేందని అందరూ నవ్వారు. ఆ సాయంత్రమే వాన దంచికొట్టింది.

అందుకే గురువారం పొద్దున దేవవ్వ హోటల్లో లక్ష్మీరాజం కథకు మామూలు కంటే ఎక్కువ బలం కావలసి వచ్చింది.

"ఏం శాస్త్రవేత్త సారూ, చుక్క పడదంటివి?" బుచ్చిరాములు అందుకున్నాడు. "మా ఇంటి ముంగట గోలెం నిండి పారె."

"ఆగు బుచ్చిరాములూ. గా వాన ముచ్చట చెప్పాలంటే జర ఎనకకు పోవాలె. పద్దెనిమిదేండ్ల కింద మన తహసీల్దార్ సారు బిడ్డ పెండ్లి. ఎండ మండుతున్నది. నేను పోయి, సారూ, నాలుగు గొట్టంగ వాన వస్తది, వంట సామాను లోపట పెట్టించుండ్రి అన్న. నవ్విండు. నాలుగూ పదికి ఒక్కటే వాన! సారు సాంబారు గంజు పట్టుకొని ఉరికిండు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"సాంబారు పల్చబడ్డది," అంది దేవవ్వ.

"ఏ, ఊకో వదినా. జిల్లా నుంచి జీపు వచ్చింది, నన్ను ఎక్కించుకొని సీదా హైదరాబాద్ పెద్దాఫీసుకు తీస్కపోయిండ్రు. ఆడ ముగ్గురు శాస్త్రవేత్తలు, ఒక్కొక్కనికి మూడు డిగ్రీలు, కంప్యూటర్ అద్దాల ముంగట కూసొని పరేషాన్ అయితుండ్రు. నేను కిటికీ తెరిచి ఏలు తడిచేసి గాలిల పెట్టి, ఎల్లుండి మధ్యాహ్నం అన్న. గంతే. ముగ్గురు లేచి కుర్చీ నాకిచ్చిండ్రు."

"నీ డిగ్రీ ఏదని అడగలేదా?" అన్నాడు ఓంప్రకాశ్. దుబాయిలో ఏడేళ్లు చేసి, అక్కడి వరద కూడా చూసి వచ్చిన మనిషి అతను.

"మబ్బు అడిగిందా నన్ను డిగ్రీ? మన వందన మేడం చదివింది, ఏం లాభం? పడొచ్చు, పడకపోవచ్చు. గంత చెప్పనీకి చదువు దేనికి, దేవవ్వ సుత చెప్తది."

"నేను చెప్ప," అంది దేవవ్వ గ్లాసులు కడుగుతూ. "నాకు తెల్వదని చెప్త."

నవ్వులు. లక్ష్మీరాజం కూడా నవ్వాడు. నవ్వుతూనే బెంచీ చివరికి చూశాడు. అక్కడ అంతయ్య ఉన్నాడు. చిన్నప్పటి నుంచి ఆయనను బావా అని పిలిచే మనిషి. మిల్లుకు పోయిన అతని వడ్ల లారీ నిన్న అన్ని బస్తాలతో వాపసు వచ్చింది. ఎందుకు వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది. లక్ష్మీరాజం చూపు తిప్పుకొని గొంతు పెంచాడు.

"అసలు కథ ఇప్పుడున్నది. రెండేండ్ల కింద సముద్రంల తుఫాను లేచింది. సీదా గోదారి పట్టుకొని మన మీదికే వస్తున్నది. ఫోన్ల మీద ఫోన్లు, రాజం సారూ ఏమన్న చెయ్యి అని. నేను మంథని పోయి, గోదాట్ల మోకాళ్ల మంటి దిగి, గీ గ్లాసు ఎత్తి పట్టుకొని, ఏయ్, మా వడ్లు కల్లాల మీదున్నయి, అవతలికి పో అన్న. ఆగింది! నా ముంగట, గీ బుచ్చిరాములు ఉన్నంత దూరంల, గుడ్లు తేలేసుకొని ఆగింది. ఎటు పోవాలె సారూ అన్నది."

"తెలుగులనే అన్నదా కాకా?" అన్నాడు ఓంప్రకాశ్.

"మల్ల! ఎటన్న పో, నీళ్లు లేని కాడికి పో అన్న. అది పోయింది పోయింది, ఏడికి పోయిందో ఎరుకేనా? ఓంప్రకాశూ, దుబాయిల నువ్వు నడుం మంటి నీళ్లల్ల నడిచింది ఎవల పుణ్యమనుకున్నవు?"

ఓంప్రకాశ్ దండం పెట్టాడు. "నా సూట్‌కేసు కొట్టుకపోయింది కాకా. గది సుత నువ్వే పంపినవా?"

"చెప్తున్న కద! గదే మబ్బు. దుబాయిల మనసున పట్టలే దానికి. నన్ను చూసి పోదామని సోమవారం సాయంత్రం మల్లొచ్చింది. నా ఇల్లు దొరకలే. దొరక్క అంతయ్య కల్లం మీద కూలవడ్డది!"

బుచ్చిరాములు నవ్వబోయి ఆగిపోయాడు.

అంతయ్య భుజం మీది తువ్వాల తీసి మోకాలి మీద మడత పెట్టుకున్నాడు.

"బావా," అన్నాడు. "గా మబ్బు ఎంత కురిసింది?"

"దండిగనే."

"దండిగ కాదు. గ్లాసుల ఎంత వచ్చింది?"

లక్ష్మీరాజం గ్లాసును తన దగ్గరికి జరుపుకున్నాడు.

"కిరాయి పరదాలు సోమవారం పొద్దున వాపస్ ఇచ్చిన, నీ మాట విని. తడిసినయి, నా ఖర్మ అనుకున్న. ఎండబోసి మిల్లుకు పంపిన. ఇంకింత తేమ ఉంటే ఉండొచ్చు. గుమాస్తా ఫోన్ తీసి మండలం లెక్క చూసిండు. సోమవారం మీ దిక్కు వాన సున్నా అన్నడు. మరి ఏడ తడిసినయి, తూకం కోసం నీళ్లు కొట్టినవా అన్నడు. పదిమంది రైతులు చూస్తుండ్రు బావా. యాభై ఎనిమిదేండ్లొచ్చినయి, నన్నెవ్వలు దొంగ అనలే."

లక్ష్మీరాజం గ్లాసు వంక చూశాడు. మంగళవారం పొద్దున, ఇరవై మిల్లీమీటర్లు పట్టే ఈ గ్లాసు మూడుసార్లు నిండింది. నాలుగోసారి రెండున్నర దగ్గర ఆగింది. గ్రూపుల్లో అప్పటికే నవ్వుతున్నారు, గ్యారంటీ ఏమైంది సారూ అని. ఆయన నీళ్లు గడ్డిలో పారబోసి, ఫోన్‌లో సున్నా నొక్కి పైకి పంపాడు. కొత్తలో కరీంనగర్‌లో రెండు రోజులు నేర్పించారు. కంటిని గీతకు సమానంగా పెట్టి చూడాలి, చూసింది రాయాలి, చూడకపోతే చూడలేదని రాయాలి. రెండు రోజుల్లో నేర్పింది అంతే.

"అరవై రెండున్నర," అన్నాడు. "నేనే సున్నా పంపిన. నా మాట తప్పు కావొద్దని."

అంతయ్య ఫోన్ తీసి నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, బల్ల మీద గ్లాసు పక్కన పెట్టాడు.

"గుమాస్తాకు చెప్పు."

లక్ష్మీరాజం వంగి మాట్లాడాడు. "నేను వాన కొలిచెటోన్ని. సోమవారం మా మండలంల అరవై రెండున్నర పడ్డది. సున్నా తప్పు. అంతయ్య నీళ్లు కొట్టలే."

"ఎవలు నువ్వు?" అంది ఫోన్. "లెక్క పంపింది శాస్త్రవేత్త లక్ష్మీరాజం సారు. రోజు వింటం మేము ఆయన మాట. మధ్యల నువ్వెవలు?"

"నేనే లక్ష్మీరాజంను."

అవతల నవ్వు వినిపించింది. "పొద్దుపొద్దున గీ కోతలేంది పెద్దమనిషీ? గంత పెద్ద సారు అబద్ధం రాస్తడా?" ఫోన్ కట్టయింది.

అంతయ్య ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అతని ముఖంలో కోపం లేదు. అదే లక్ష్మీరాజానికి ఎక్కువ కష్టమైంది.

"వడ్లకు మొలకలొచ్చినయి బావా, అవి ఎట్లైనా పోయినయి," అన్నాడు. "బస్సు వచ్చే యాళ్లయింది. నువ్వొచ్చి మిల్లు కాడ మనిషిగ నిలబడి చెప్పు. నన్ను దొంగ అనంగ విన్న ఆ పదిమందిల ఒక్కడన్న ఆడ ఉండకపోతడా."

లక్ష్మీరాజం లేచి గ్లాసు వైపు చెయ్యి చాపాడు.

"గదెందుకు?" అన్నాడు అంతయ్య. "కొలిచేది ఏమున్నదిప్పుడు."

గ్లాసు బల్ల మీదే ఉండిపోయింది. దేవవ్వ దాన్ని తీసి, తుడిచి, బెల్లం డబ్బా వెనక భద్రంగా పెట్టింది.

బస్సులో కండక్టరమ్మ ఆయన్ని చూసి గుర్తుపట్టింది. టికెట్లు చింపి ఇస్తూ, "సారూ, మా అవ్వోళ్లు వడ్లు ఎండబోసిండ్రు," అంది. "ఇయ్యాల పడతదా?"

లక్ష్మీరాజం పక్కకు చూశాడు. అంతయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాడు.

ఆమె అది కూడా ఏదో కథకు మొదలే అనుకుని నవ్వి, తర్వాతి మాట కోసం నిలబడింది.