బల్ల కింద బాలింత

ఏంటే, తన పిల్లల్ని దగ్గరికి రానివ్వట్లేదా మీ కుక్క? గుర్రుమంటోందా? రాక్షసి అనకు, అట్లా అనకు. ముందు దాని పొట్ట కింద చెయ్యి పెట్టి చూడు, ఎక్కడన్నా వేడిగా, గట్టిగా ఉందేమో. ఉంటే ఇవాళే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపో. నాకెట్లా తెలుసా? మా వదిన వల్ల. నువ్వు చూళ్ళేదులే ఆవిణ్ణి, నువ్వు పుట్టకముందే పోయింది.

మా అన్నది టైలర్ షాపు కదా, ముందు గదిలో షాపు, వెనక కాపురం. నాది కటింగు, అన్న కొడుకుది మెషిను, వదినవి కాజాలూ గుండీలూ. ఆవిడ కాజా కుడితే తిరగేసి చూసినా ఏది లోపలో ఏది బయటో తెలిసేది కాదు. సరే, అదట్లా ఉంచు. మా అమ్మేమో గుమ్మంలో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు. "మా కోడలు అందం చెడుతుందని బిడ్డకి పాలివ్వలేదమ్మా, డబ్బాపాలు పట్టి నేనే పెంచాను" అని, కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకి కూడా చెప్పేది. ఏం, వదిన నోరు తెరిచి చెప్పొచ్చు కదా అంటావా? చెప్పిందట, నొప్పి భరించలేకపోతున్నానని. బాలింతలందరూ అనేదేలే అని అమ్మ కొట్టిపారేసింది. ఇక వాడున్నాడే, మా అన్న కొడుకు, మీసాలొచ్చాక కూడా "నాకేం, సీసానే మా అమ్మ" అని వెక్కిరించేవాడు. నవ్వుతూ అనేవాడు గానీ, నమ్మిందీ అదే. వదినకి తిండికీ బట్టకీ లోటు లేదు, ఆ ఒక్క మాటకి మాత్రం చచ్చిపోయేది.

అట్లా ఉండగా మా షాపు కుక్క కటింగ్ బల్ల కింద, గుడ్డ పీలికల్లో పిల్లల్ని పెట్టింది. మొదట బాగానే పాలిచ్చింది. తర్వాత ఏమైందో, పిల్ల మూతి తగిలితే చాలు, గయ్యిమని లేచేది. ఒకదాన్ని కరవబోయింది కూడా. పిల్లలేమో ఆకలికి ఒకటే గోల. వచ్చేవాళ్ళు జడుసుకుంటున్నారు, దీన్ని బయటికి గెంటేద్దాం అన్నాడు అన్న. అమ్మ ఊరుకుంటుందా? "దీనికీ మా కోడలి బుద్ధే వచ్చింది" అనేసింది, నలుగురి ముందూ.

వదిన లేచింది. ఎన్నడూ ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి, బల్ల కిందికి దూరి, కుక్క తల ఒళ్ళో పెట్టుకుని, "అత్తయ్యా, ఇట్లా రండి" అంది. అమ్మ మోకాళ్ళు పట్టుకుని వంగింది. వదిన ఆవిడ చెయ్యి లాగి కుక్క చన్ను మీద పెట్టింది. ఎర్రగా వాచి, రాయిలా గట్టిపడి, కాలిపోతోంది. కుక్క కుయ్యోమంది గానీ కరవలేదు. అమ్మ గబుక్కున చెయ్యి తీసేసింది.

డాక్టరు మందిచ్చి, వేడిగుడ్డతో కాపడం పెట్టమన్నాడు. ఇస్త్రీపెట్టె ఉంది కదా, వదిన గుడ్డ వేడిచేసి అందిస్తుంటే అమ్మే పెట్టేది. ఎవరూ చెప్పలేదు ఆవిడకి, తనంతట తానే కూచుంది. వాపు తగ్గాక ఒక మధ్యాహ్నం, తలెత్తకుండానే అడిగింది, "నీకూ ఇట్లాగే ఉండేదా?" అని.

వదిన గుడ్డ మడతపెడుతూ, "రెండువైపులా, అత్తయ్యా" అంది.

మెషిను తొక్కుతున్న మావాడు కాలు ఆపేశాడు. అమ్మేమో... ఆ కిటికీ కాస్త వెయ్యవే, గాలికి కళ్ళల్లో నీళ్ళొస్తున్నాయి.