వారంలోగా అభ్యంతరం లేకపోతే

చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు క్యాంటీన్. మధ్యాహ్నం, పిండిముద్దల పళ్లేల ముందు ఇద్దరు పాత సహోద్యోగులు ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమే మొదలుపెట్టింది.

“నువ్వు పోయావంట, తెలుసా?”

“ఎక్కడికి?”

“చచ్చిపోయావంట. మన ప్రాజెక్టు మెయిలింగ్ లిస్టులో, వేరే ఊరి నుంచి మనతో పనిచేసే రదోవాన్ రాశాడు. ఏడాదిగా నీ నుంచి జవాబు లేదు కాబట్టి పోయినట్టే అనుకుందాం, నీ పని తను చూసుకుంటాను, వారంలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఖాయం అని.”

“ఎవరూ చెప్పలేదా?”

“నువ్వే చెప్పలేదు. ఇంకెవరు చెప్తారు?”

“నాకెలా తెలుస్తుంది? రోజుకి ఆరొందల మెయిళ్లు. అన్నీ ‘తర్వాత’ అనే ఫోల్డర్లోకి పోయేలా ఫిల్టర్ పెట్టుకున్నా. నా ఇన్‌బాక్స్ చూడు, అద్దంలా ఉంటుంది.”

“చూశా. శవం మొహంలా ప్రశాంతంగా ఉంది.”

“పందొమ్మిదేళ్లు ఆ ప్రాజెక్టుని మోశాను. నువ్వు రోజూ నా ఎదురుగానే తింటావు. ఒక్క ముక్క రాయలేకపోయావా?”

“నాకూ అదే ఫిల్టర్ పెట్టిచ్చావు కదా. అతని మెయిల్ ఈ పొద్దున్నే చూశాను.”

“సరే, బతికే ఉన్నానని ఇప్పుడే రాస్తా.”

“నీ మెయిల్ వెళ్లదు. పోయినవాళ్ల పేర్లు లిస్టులోంచి తీసేస్తాం. ఆ నియమం నువ్వు పెట్టిందే.”

“అయితే నువ్వు రాయి.”

“రాశాను. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే వచ్చే మంగళవారానికి బతుకుతావు.”

“చెబితే?”

“రదోవాన్ చెప్పేశాడు.”