గుట్టమీది జనరేటర్

వరద తీసిన మధ్యాహ్నం, అణువిద్యుత్ కేంద్రం మెట్ల మీద కూర్చుని భద్రతా ఇంజనీరు బురద బూట్లు విప్పుతోంది. ఆ రియాక్టర్లను ఒకప్పుడు డిజైన్ చేసిన ఆమె తండ్రి ఆదరాబాదరాగా వచ్చాడు.

"కింది గది ఎంత మునిగింది?"

"పైకప్పుదాకా, నాన్నా. పాత జనరేటర్లు రెండూ నీళ్ళలోనే ఉన్నాయి."

"రెండూనా? ఒకటి పోతే ఇంకోటి ఉంటుందనే కదా రెండు పెట్టాను!"

"రెండిటినీ ఒకే గదిలో పెట్టారు మరి."

"బయటి కరెంటూ పోయిందటగా. రియాక్టర్ ఆగింది సరే, దాన్ని చల్లార్చే పంపులూ ఆగాయా?"

"ఆగితే ఒట్టు! గుట్టమీద నేను పెట్టించిన జనరేటర్ వెంటనే అందుకుంది. కంట్రోల్ రూమంతా మావాళ్ళ ఈలలే!"

"దాన్ని దండగన్నాను కదూ?"

"నిండు మీటింగులో అన్నారు. ఆ తర్వాత ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు."

"నీకంతా మీ అమ్మ మొండితనమే వచ్చింది. ఊరిని నిలబెట్టావే తల్లీ!"

"రెండో రియాక్టర్ జనరేటర్లు ఇంకా కిందే ఉన్నాయి. ఈసారి నీళ్ళు అటు రాలేదంతే."

"తెలుసు. అదీ నేను గీసిందే. రేపే మీటింగ్ పెట్టించు, నేనూ వస్తా. కాదనేవాడెవడో చూస్తా!"

"అప్పుడు కాదన్నది మీరొక్కరే నాన్నా!"

"అయితే ఇంకేం, పనైపోయినట్టే. పద!"